గింజ పట్టుకుపోయేదెవరు, కూర్చుని తినేదెవరు?

(మిషిగన్‌లో డిట్రాయిట్ శివార్లలోని ఒక లైబ్రరీ హాల్లో, శీతాకాలంలో తెలుగు కుటుంబాల కోసం ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినపడుతోందా? సరే.

ఇది పక్షుల పేర్లు నేర్పే క్లాసు కాదండీ, ముందే చెప్పేస్తున్నాను. పేర్ల కోసం మెర్లిన్ అని కార్నెల్ యూనివర్సిటీ పక్షి విభాగం వాళ్ళ యాప్ ఉంది. ఉచితం. ఫోటో చూపిస్తే చెబుతుంది, కూత వినిపించినా చెబుతుంది. ఆ పని దానికి వదిలేద్దాం. చాలామంది ఏం చేస్తారంటే పెరట్లో ఫీడర్, అంటే పక్షులకి గింజలు నింపి పెట్టే డబ్బా, వేలాడదీస్తారు, వారం రోజుల్లో ఓ పది పేర్లు తెలిసిపోతాయి, ఇంకేముంది అని కిటికీ పరదా వేసేస్తారు. అసలు సంగతి అక్కడే మొదలవుతుంది. ఎవరు వస్తే ఎవరు లేచిపోతున్నారు, ఎవరు గింజ తీసుకుని క్షణంలో మాయమవుతున్నారు, ఎవరు కదలకుండా కూర్చుని తింటున్నారు, చీకటి పడబోయే ముందు చివరగా వచ్చేదెవరు. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

ముందు వరసలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. డిసెంబరులో ఇక్కడ దిగితే ఏముంటుంది పాపం, కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు స్కూలుకి, బయట మోకాలి లోతు మంచు, ఇంట్లో ఎప్పుడూ హీటర్ హోరు. ఈ ప్రసంగం నిజానికి మీకోసమే. మీకు ఉన్నంత తీరిక మాకెవరికీ లేదు, పక్షుల్ని చూడాలంటే ముందు కావలసింది తీరికే. బైనాక్యులర్స్ తర్వాత కొనుక్కోవచ్చు.

చికడీతో మొదలుపెడదాం. నల్ల టోపీ, నల్ల గడ్డం, తెల్ల చెంపలు, బరువు 11, 12 గ్రాములుంటుందేమో. కొత్త ఫీడర్ కట్టగానే చాలాసార్లు మొదట వచ్చేది ఇదే. అది ఫీడర్ మీద కూర్చుని తినదు, గమనించారా? ఒక్క గింజ తీసుకుంటుంది, ఎగిరిపోతుంది. కొమ్మ మీద వాలి గింజని కాళ్ళ మధ్య నొక్కిపట్టి ముక్కుతో పొడిచి తింటుంది, లేదంటే తీసుకెళ్ళి దాచేస్తుంది. గోల్డ్‌ఫించ్, హౌస్ ఫించ్ అనే పిట్టలు అలా కాదు, ఫీడర్ రంధ్రం దగ్గర కుదురుగా కూర్చుని అక్కడే ఒలిచి అక్కడే తింటాయి, పొట్టంతా కింద పడేస్తాయి. మన ఫంక్షన్లలో బఫేలో ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి లైను కదలనివ్వని వాళ్ళు ఉంటారు చూడండి, ఫించ్‌లు ఆ రకం. చికడీది పార్సిల్ వ్యవహారం. [నవ్వులు]

దాచడం అన్నాను కదా. అన్నీ ఒకే చోట కుప్పపోయదు. ఒక్కో గింజని ఒక్కో చోట, బెరడు పగుల్లో, ఎండిన ఆకు మడతలో, నాచు కింద, అలా వేలకొద్దీ దాస్తుంది. తర్వాత తిరిగి వచ్చి తీసుకుంటుంది కూడా. మెదడులో హిప్పోకాంపస్ అని, ఏది ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకునే భాగం ఉంటుంది. దాచుకునే అలవాటు ఉన్న పక్షుల్లో అది పెద్దదిగా ఉంటుందని చాలా పరిశోధనల్లో చూశారు. చికడీల్లో గింజలు దాచే శరదృతువులో అక్కడ కొత్త కణాలు ఎక్కువగా పుడతాయని కూడా చూపించారు. నేను కారు తాళాలు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ ఉంటాను, ఆ సంగతి వదిలేయండి.

ఎందుకింత హడావుడి అంటే, రాత్రి. జనవరిలో ఇక్కడ సున్నా ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 18 సెల్సియస్ దాకా పోయే రాత్రులుంటాయి, పధ్నాలుగు గంటల చీకటి. 12 గ్రాముల పిట్ట ఆ రాత్రి దాటాలంటే పగలు తిన్న కొవ్వే ఇంధనం. పగలంతా తిని ఒంటి బరువులో పదో వంతు దాకా కొవ్వు పెంచుకుంటుంది, తెల్లారేసరికి అది కరిగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి మొదలు. అదీ చాలదు. పగలు దాని ఒంటి వేడి దాదాపు 42 డిగ్రీల సెల్సియస్ ఉంటే, బాగా చలిగా ఉన్న రాత్రి దాన్ని తనే పది, పన్నెండు డిగ్రీలు తగ్గించుకుంటుంది. పొయ్యి సెగ తగ్గించి పడుకుంటుందన్నమాట. తెల్లారాక వణుకుతూ మళ్ళీ వేడెక్కుతుంది. మీకు ఉదయం ఎనిమిదింటికి ఫీడర్ దగ్గర అంత తొందర కనిపిస్తోందంటే కారణం అది, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ రద్దీ కనిపిస్తోందంటే కారణం అదే. మధ్యాహ్నం కాస్త పలచబడుతుంది. పెద్ద మంచు తుఫాను వచ్చే ముందు రోజు కూడా చూడండి, ఫీడర్ కిటకిటలాడిపోతుంది. గాలి పీడనం తగ్గడాన్ని పక్షులు పసిగడతాయి. తెల్ల టోపీ పిచ్చుకల్ని ప్రయోగశాలలో పెట్టి గాలి పీడనం తగ్గిస్తే అవి మామూలు కన్నా ఎక్కువ తిన్నాయి.

ఇక పెత్తనాల సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, కాసేపు ఆగుతాను ఇక్కడ.

చికడీలు శీతాకాలంలో చిన్న గుంపుగా ఒక ప్రాంతాన్ని పట్టుకుని ఉంటాయి. గుంపులో పై నుంచి కింది దాకా వరస ఉంటుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది అన్నిటికీ తెలుసు. గొడవేమీ కనిపించదు, అందుకే మనం గమనించం. ఒకటి వాలుతుంది, అప్పటికే ఉన్నది పక్కకి జరుగుతుంది, అంతే. ఆ ‘అంతే’ అన్నదే చూడాలి. ఫీడర్ పక్క కొమ్మ మీద ఒకటి కూర్చుని ఎందుకు ఆగుతోందో అర్థం కాదు మనకి, దానికేమో తన వంతు ఎప్పుడో తెలుసు.

డౌనీ వుడ్‌పెకర్, అంటే మన వడ్రంగి పిట్టకి చుట్టం, నలుపూ తెలుపూ గళ్ళు ఉంటుంది. తల వెనక ఎర్ర మచ్చ ఉంటే మగది, లేకపోతే ఆడది. చలికాలంలో మగది సన్న కొమ్మలు, ఎండిన కలుపు మొక్కల కాడలు తన సొంతం చేసుకుంటుంది. ఆడది లావు కొమ్మలు, మొద్దుల మీద వెతుక్కోవాలి. ఆడవాటికి సన్న కొమ్మలు ఇష్టం లేక కాదండోయ్. మగవాటిని అక్కడి నుంచి తొలగించి చూస్తే ఆడవి కూడా సన్న కొమ్మల మీదికే వచ్చాయి. [ఒక మహిళ: ‘అక్కడా అంతేనా!’ నవ్వులు] అక్కడా అంతేనమ్మా.

కార్డినల్‌ది ఇంకో కథ. ఎర్రగా ఉండేది మగది, గోధుమ రంగులో ముక్కు మాత్రం నారింజగా ఉండేది ఆడది. మసక వెలుతురులో అందరికంటే ముందు వచ్చేవీ, అందరూ పోయాక చివరగా వచ్చేవీ ఇవే. డిసెంబరులో చూస్తే మగది ఫీడర్ మీద ఉంటే ఆడదాన్ని దగ్గరికి రానివ్వదు, తరిమేస్తుంది. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అదే మగది గింజ ఒలిచి ఆడదాని నోటికి అందిస్తుంది. ఏ వారంలో మొదలైందో రాసి పెట్టుకోండి, వచ్చే ఏడు పోల్చుకోవచ్చు. ఇలాంటివి పేరు తెలిసినంత మాత్రాన కనిపించవు, రోజూ అదే కిటికీ దగ్గర కూర్చుంటే కనిపిస్తాయి.

ఫీడర్ కింద నేల మీద గెంతుతూ ఉండేవి జుంకోలు. పైన బూడిద నలుపు, పొట్ట తెలుపు, ఎగిరినప్పుడు తోక అంచుల్లో తెల్లటి ఈకలు మెరుస్తాయి. ఇవి కెనడా వైపు నుంచి చలికాలానికి ఇక్కడికి వస్తాయి, మనకి ఇది చలి దేశం, వాటికి ఇదే దక్షిణాది. మగవి ఉత్తరాన ఎక్కువగా ఆగిపోతాయి, ఆడవి ఇంకా దక్షిణానికి పోతాయి. కాబట్టి మిషిగన్ పెరట్లో ముదురు రంగువి, అంటే మగవి, ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. అట్లాంటాలో ఉన్న మీ చెల్లెలి ఇంట్లో లెక్క వేరేగా ఉంటుంది.

వైట్ బ్రెస్టెడ్ నట్‌హ్యాచ్ అనే చిన్న పిట్ట చెట్టు మొద్దు మీద తలకిందులుగా దిగుతుంది. పైకి ఎక్కే పక్షులకి కనపడని పురుగులు దీనికి కనపడతాయి. ఉడత దగ్గరికొస్తే రెండు రెక్కలూ చాచి అటూ ఇటూ ఊగుతూ బెదిరిస్తుంది, ఉడత పక్కన అదెంత? అయినా బెదిరిస్తుంది. బ్లూ జే వచ్చిందంటే చిన్నవన్నీ చెదిరిపోతాయి, గొంతు సంచీలో పల్లీలు నింపుకుని పోతుంది. డేగ కూత అచ్చంగా అనుకరిస్తుంది కూడా. మిగతావాటిని భయపెట్టడానికా, తోటి జేలకి హెచ్చరికగానా అన్నది ఇంకా తేలలేదు.

అసలు డేగ గురించి. కూపర్స్ హాక్ అనే డేగ మన సబ్‌డివిజన్లలో, అంటే ఇళ్ళ కాలనీల్లో, బాగానే ఉంది. అది వచ్చినప్పుడు డేగని చూడకండి, మిగతావాటిని చూడండి. చికడీ సన్నగా, పైస్థాయిలో ‘సీట్’ అని ఒక కూత కూస్తుంది. ఎగిరి వచ్చే డేగ గురించి హెచ్చరిక అది. ఆ కూత వినగానే అన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. డౌనీ అయితే మొద్దుకి అతుక్కుని కొన్ని నిమిషాలు రెప్ప కూడా వెయ్యదేమో అనిపిస్తుంది. గుడ్లగూబో డేగో కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఉంటే కూత మారుతుంది. ‘చిక్-అ-డీ-డీ-డీ’ అని అందర్నీ పోగుచేస్తుంది, అందరూ వచ్చి దాన్ని వేధించి పంపించేస్తారు. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, వేటాడే పక్షి చిన్నదైతే ఆ చివరి ‘డీ’లు ఎక్కువ. మనకి తిరకాసుగా అనిపిస్తుంది కదా, పెద్దదానికి కదా ఎక్కువ భయపడాలి? కానీ పెద్ద గుడ్లగూబ అంత చురుగ్గా తిరగలేదు, చికడీని పట్టుకోవడం దానికి కష్టం. చిన్న గుడ్లగూబే ప్రమాదం. ఈ కూతల్లో తేడా నట్‌హ్యాచ్‌లకి కూడా అర్థమవుతుంది. కిటికీ కొద్దిగా తెరిచి డీలు లెక్కపెట్టండి, చలేస్తుంది గానీ బాగుంటుంది.

గింజల గురించి అడుగుతారని తెలుసు. ఇక్కడ షాపులో సంచీ మీద ఇంగ్లీషు పేర్లు చూసి మనం అదేదో కొత్త సరుకనుకుంటాం. నైజర్ అని గోల్డ్‌ఫించ్‌లకి పెట్టే సన్న నల్ల గింజ ఉంది చూశారా, అవి మన వలిసెలే. నవంబరు, డిసెంబరులో అరకు వెళ్ళి పసుపు పూల మధ్య ఫోటోలు దిగుతారే, ఆ పంటే. అమెరికాకి ఇది ఇథియోపియా, ఇండియా, మయన్మార్‌ల నుంచి వస్తుంది. ఇక్కడ మొలకెత్తకుండా వేడి చేసి మరీ అమ్ముతారు. జుంకోలకి ఇష్టమైన తెల్ల మిల్లెట్ మన వరిగలు. కార్డినల్‌కి కుసుమలు పెట్టొచ్చు, ఉడతలు వాటి జోలికి అంతగా రావు. అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే కావాలంటే నల్ల పొద్దుతిరుగుడు గింజలు, కళ్ళు మూసుకుని కొనండి. చవగ్గా వచ్చే మిశ్రమాల్లో జొన్నలు ఎక్కువ కలుపుతారు, ఈ వైపు పక్షులు వాటిని ఏరి కింద పారేస్తాయి, మీ డబ్బులు మంచులోకి. సూయెట్ అని అచ్చులు అమ్ముతారు, అది గొడ్డు కొవ్వు, తెలిసి కొనండి. ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఉప్పు లేని పల్లీలు పెట్టండి, వడ్రంగి పిట్టలకి, జేలకి, నట్‌హ్యాచ్‌లకి అవీ ఇష్టమే.

ఉడతల బాధ భరించలేకపోతే మనవాళ్ళకి తగిన మందు ఒకటుంది, కారం. మిరపలో ఉండే మంట పక్షులకి తెలియదు, క్షీరదాలకే తెలుస్తుంది. కారం పట్టించిన గింజలు షాపుల్లోనే దొరుకుతాయి, అవి కొనుక్కోండి. ఇంట్లో గుంటూరు కారం కలిపే ప్రయోగాలు వద్దు, గాలికి లేచి మీ కళ్ళలోనే పడుతుంది.

ఇప్పుడు ఒక చేదు మాట. మనం పెట్టకపోతే ఇవి చచ్చిపోతాయి అన్న నమ్మకం చాలామందికి ఉంది, సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు ఫీడర్ గురించి టెన్షన్ పడేవాళ్ళున్నారు. విస్కాన్సిన్‌లో మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ అని ఇద్దరు పరిశోధకులు చికడీల మీద పనిచేశారు. ఫీడర్లున్న చోట చలికాలం దాటి బతికినవి 69 శాతం, లేని చోట 37 శాతం. తేడా అంతా ఎముకలు కొరికే చలి నెలల్లోనే. ఇది విని ఆగిపోతే మనం మహాదాతలం. తర్వాత వాళ్ళే ఇంకోటి చూశారు. చికడీ తన రోజు అవసరంలో ఐదో వంతే ఫీడర్ నుంచి తీసుకుంటోంది. ఏళ్ళ తరబడి ఉన్న ఫీడర్లు తీసేసినా అవి ఎప్పుడూ ఫీడర్ ఎరగని చికడీల్లాగే బతికాయి. అంటే మనమీద ఆధారపడిపోవు. ఘోరమైన చలిలో సాయం అవుతుంది, నిజమే. మిగతా రోజుల్లో ఫీడర్ ఎవరి కోసం? మనకోసం. నేను దీన్ని ఒప్పుకోవడమే మంచిదంటాను. మన సరదా కోసం వాటిని ఒకచోటికి పిలుస్తున్నామని ఒప్పుకుంటే, పిలిచినందుకు వచ్చే బాధ్యతా మనదేనని తెలుస్తుంది.

ఆ బాధ్యత రెండే విషయాలు. ఒకటి శుభ్రం. హౌస్ ఫించ్ అసలు పశ్చిమ అమెరికా పక్షి, 1940లో న్యూయార్క్ పక్కన పంజరం పక్షుల వ్యాపారులు వదిలేస్తే తూర్పంతా పాకింది. 1994లో వాషింగ్టన్ డి.సి. చుట్టుపక్కల వీటిలో కళ్ళ జబ్బు మొదలైంది, కోళ్ళలో ఉండే మైకోప్లాస్మా బ్యాక్టీరియా. కళ్ళు వాచి, పుసి కట్టి, చూపు పోయి ఆకలికో డేగకో చచ్చిపోతాయి. ఫీడర్ రంధ్రాల దగ్గర ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. మీ ఫీడర్ మీద ఒక ఫించ్ అలా మందంగా కూర్చుని ఎంతకీ కదలకపోతే మచ్చికైందని మురిసిపోకండి, కళ్ళు చూడండి. అలాంటిది కనిపిస్తే ఫీడర్ దించేసి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, రెండు వారాలు ఆగి కట్టండి. జబ్బు లేకపోయినా రెండు వారాలకోసారి కడగడం మంచిది.

రెండోది గాజు. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షుల దాకా భవనాల అద్దాలకి గుద్దుకుని చచ్చిపోతున్నాయని 2014 నాటి అంచనా. ఫీడర్‌ని కిటికీకి మూడడుగుల లోపల పెట్టండి, లేదా ముప్పై అడుగుల అవతల. మధ్యలో పెట్టకండి. దగ్గరగా ఉంటే భయపడి లేచినా వేగం అందుకోదు, గట్టిగా తగలదు.

చూసింది ఊరికే పోకూడదనుకుంటే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ అని, ఫీడర్ దగ్గర కనిపించిన పక్షుల్ని మనమే లెక్కపెట్టి పంపే కార్యక్రమం ఉంది. 1976లో కెనడాలోని ఒంటారియోలో చిన్నగా మొదలై, 1987 చలికాలం నుంచి అమెరికా, కెనడా అంతటా జరుగుతోంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. కొద్దిగా రుసుము కట్టాలి. లెక్కలో కిటుకు ఒకటే, ఒక జాతివి ఒకేసారి కళ్ళ ముందు ఎన్ని కనిపించాయో ఆ పెద్ద అంకె మాత్రమే రాయాలి. ఉదయం మూడు, సాయంత్రం నాలుగు చికడీలు కనిపిస్తే నాలుగే, ఏడు కాదు. ఎవరు ఎవరిని తరిమారన్నది కూడా రాయొచ్చు. ఇలా మామూలు మనుషులు రాసి పంపిన తగాదాలన్నీ కలిపి 2017లో 136 జాతుల వరస కట్టారు. మామూలుగా బరువున్నదే గెలుస్తుంది, వడ్రంగి పిట్టలు మాత్రం తమ బరువుకి మించి పెత్తనం చేస్తాయని తేలింది. ఆ ముక్కు చూస్తే ఎవరు మాత్రం తప్పుకోరు!

ప్రశ్నలు తీసుకుందాం.

[ఒక పెద్దాయన: మా కోనసీమలో పిచ్చుకల కోసం చూరుకి వరి కుచ్చులు కడతాం. ఇక్కడ ఫీడర్ మీదికి వచ్చేవి అవే పిచ్చుకలా?]

అవేనండి బాబాయిగారూ, మన ఊరపిచ్చుకే. 1850ల మొదట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి తెచ్చి వదిలారు, ఖండమంతా నిండిపోయింది. అక్కడ మనం అయ్యో తగ్గిపోతున్నాయి అని మార్చి 20న పిచ్చుకల దినోత్సవం చేస్తాం, ఇక్కడేమో బ్లూబర్డ్ అనే ఇక్కడి నీలి పిట్ట ప్రేమికులు వీటిని చూస్తే మండిపడతారు, గూడు పెట్టెల్లో దూరి బ్లూబర్డ్‌లని చంపేస్తాయి కాబట్టి. ఎక్కువైతే వరిగలు ఆపేయండి, తగ్గుతాయి. నాకైతే ఒకటి రెండు వస్తే కోపం రాదు, మన ఊరి ముఖం కదా.

[ఒక మహిళ: మిగిలిన అన్నం వేయొచ్చా? బియ్యం తింటే కడుపు ఉబ్బి చస్తాయంటారు?]

ఆ ఉబ్బడం ఉత్త పుకారు ఆంటీ, పచ్చి ధాన్యం తినే పక్షులు పొలాల్లో ఎన్ని లేవు! అన్నం వద్దనేది వేరే కారణానికి. ఉప్పు, నూనె కలిసి ఉంటుంది, చలికి రాయి అయిపోతుంది, రాత్రికి ఎలుకలొస్తాయి, మర్నాడు హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, నుంచి ఉత్తరం వస్తుంది. నీళ్ళు పెట్టండి, అన్నీ గడ్డకట్టినప్పుడు నీళ్ళకి కూడా బాగా వస్తాయి. గడ్డకట్టకుండా చిన్న హీటర్ ఉన్న పళ్ళేలు దొరుకుతాయి.

[ఒక యువకుడు: డేగ మా ఫీడర్ దగ్గర రోజూ కాపు వేస్తోంది. తరిమేయాలా?]

రాయి విసరడం లాంటివి చెయ్యకు నాన్నా, 1918 నాటి వలస పక్షుల చట్టం కింద డేగని గాయపరచడం, చంపడం నేరం. దానికీ ఇదే చలికాలం, అదీ తినాలి. చూడలేకపోతే నాలుగైదు రోజులు ఫీడర్ దించెయ్, చిన్నవి చెదిరిపోతాయి, అది వేరే చోటు చూసుకుంటుంది. చిన్నవి దాక్కోడానికి ఫీడర్‌కి పదడుగుల్లో ఒక గుబురు పొద ఉందో లేదో చూసుకో. లేకపోతే క్రిస్మస్ చెట్టు పారేసే బదులు అక్కడ పాతెయ్, వసంతం దాకా పనికొస్తుంది.

హాలు ఐదింటికి ఖాళీ చెయ్యమన్నారు. గింజల నమూనాలు ఆ పక్క బల్ల మీద ఉన్నాయి, వలిసెలు తీసి చేత్తో నలిపి చూడండి, నూనె తెలుస్తుంది. మిగతా ప్రశ్నలు కాఫీ దగ్గర.